వండిన చేతికీ వరుసలో కంచం

రుద్రూర్ ఇంటింటికీ ఒక గృహిణి విన్నపం



పెళ్లికో అన్నదానానికో పోయి కడుపునిండా తిన్నాక మన పెద్దలు చేతులెత్తి ‘అన్నదాతా సుఖీభవ’ అంటారు. పరాయి పందిట్లో ఒక్క పూట తిన్నందుకే అంత దీవెన. మన ఇంట్లో ఏడాది పొడవునా వండిపెట్టే మనిషికి ఆ మాట ఎన్నడైనా అన్నామా? అందరం లేచిపోయాక ఆమె ఏం తిన్నదో, అసలు తిన్నదో లేదో చూశామా?

ఈ కరపత్రం అడిగేది ఒక్కటే. రోజుకు ఒక్క పూటైనా, వండినామెతో సహా ఇంటిల్లిపాదీ ఒకే వరుసలో కూర్చుని తినాలి.

పెళ్లయి ఈ ఊరికి వచ్చిన నాటి నుంచి నేనూ చివరనే తిన్నాను. మామకు, మా ఆయనకు, పిల్లలకు, అత్తమ్మకు పెట్టి గిన్నెలో మిగిలినదానితో కూర్చునేదాన్ని. కూర ఉంటే కూర, లేకుంటే తొక్కు, సల్ల. ఎవరూ నన్ను తినొద్దనలేదు. నాకూ అది కష్టమనిపించలేదు. ఒక రాత్రి పదేళ్ల మా బిడ్డ తన కంచంలోని గుడ్డు తీసి తమ్ముడి కంచంలో వేసింది. “నీకొద్దా బిడ్డా?” అంటే, “నువ్వు రోజూ ఇట్లనే చేస్తవు కదమ్మా” అన్నది. నేను ప్రేమ అనుకుని చేసినదాన్ని నా బిడ్డ ఆడపిల్ల బతుకంటే ఇంతే అని నేర్చుకుంది. రేపు అత్తగారింట్లో తన బిడ్డకూ అదే నేర్పుతుంది. ఈ వరుస ఎక్కడో ఒకచోట తెగాలి. మా ఇంట్లో ఆ రాత్రే తెగింది.

మనది గింజకు కరువున్న ఊరు కాదు. మంజీర మీద 1923 నుంచి 1931 వరకు కట్టిన నిజాంసాగర్ నీళ్లు ఈ సీమను వరి మాగాణి చేశాయి. చెరకు, వరి మీద పరిశోధన చేసే కేంద్రం మన ఊళ్లోనే ఉంది. కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. ఆహారాన్నే చదువుగా చెప్పే ఫుడ్ సైన్స్ కాలేజీ ఉంది. 2025 ఉగాది నుంచి రేషన్ దుకాణంలో కూడా మనిషికి 6 కిలోల సన్నబియ్యం వస్తున్నాయి. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. పదిమందిలో దాదాపు ఆరుగురు! మన మహిళా సంఘం మీటింగులో మీ చుట్టూ కూర్చున్నవాళ్లను ఒకసారి లెక్కపెట్టుకోండి.

రక్తం తగ్గడానికి నెలసరి, వెంటవెంట కాన్పులు, కడుపులో పురుగులు కూడా కారణాలే. అయితే రక్తానికి బలమిచ్చే ఆకుకూర, పప్పు, గుడ్డు, మాంసమే గిన్నెలో ముందుగా అయిపోతాయి. ముక్కలు పోయి పులుసు మిగులుతుంది. చివరన కూర్చునే మనిషికి అన్నంతో కడుపు నిండుతుంది కానీ ఒంట్లో రక్తం ఊరదు. పైగా నీరసం పోవాలని తిన్న వెంటనే చాయ్ తాగుతుంది. ఆ చాయ్ తిన్నదాంట్లోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వదు.

పని చూద్దామా? తెల్లవారకముందే లేచి వాకిలి ఊడ్చి, వంట చేసి, సద్ది కట్టుకుని నాట్లకు పోయే అక్కలున్నారు. ఇంటిపనికీ పొయ్యికీ మధ్య చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేసే చెల్లెళ్లు మన జిల్లాలో ఎందరో. దేశమంతటా 2024లో చేసిన కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లకు దానికే రోజుకు 289 నిమిషాలు పడుతున్నట్టు తేలింది. ఆ పని చేసే మగవాళ్లు దానికిచ్చేది 88 నిమిషాలు. 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు గృహిణి పనికి విలువ కట్టి తీరాలని చెప్పింది. ఆ తీర్పులో విడిగా తన అభిప్రాయం రాసిన న్యాయమూర్తి మన తెలుగువారే, ఎన్.వి. రమణ గారు. 2011 జనాభా లెక్కల్లో ఇంటిపనే తమ ప్రధాన పని అని చెప్పుకున్న ఆడవాళ్లు దాదాపు 16 కోట్ల మంది అని, మగవాళ్లు 58 లక్షల లోపేనని అందులో ఆయన గుర్తుచేశారు. మనిషి పోయాక కోర్టు కట్టే విలువ, మనిషి ఉండగా ఇల్లు కట్టలేదా?

“ఇది మన ఆచారం, మన భక్తి” అనేవారున్నారు. భక్తి మాటే మాట్లాడుకుందాం. అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులు మన అన్నదమ్ములే సన్నిధానంలో కూరగాయలు తరుగుతారు, తోటి స్వాములకు వడ్డిస్తారు, తిన్న చోటు శుభ్రం చేస్తారు. అప్పుడు ఎవరి మగతనమూ తగ్గలేదు, పుణ్యమే వచ్చింది. మన పక్కనున్న నాందేడ్ గురుద్వారాలో లంగర్ భోజనానికి పోయి చూడండి. ఆడ, మగ, ఉన్నవాడు, లేనివాడు ఒకే వరుసలో కూర్చుంటారు. ఎంగిలి పళ్లేలు కడగడం అక్కడ సేవ. బసవేశ్వరుణ్ని కొలిచే మన లింగాయత్ కుటుంబాలకు పనినే పూజగా చూసే కాయకం, ఉన్నదాన్ని పంచుకునే దాసోహం కొత్త మాటలు కావు. ముహమ్మద్ ప్రవక్త ఇంట్లో ఇంటివారి పనుల్లో సాయం చేసేవారని ముస్లిం పెద్దలు చెబుతారు. ఏసు శిష్యుల కాళ్లు కడిగాడని చర్చిలో ప్రతి ఏటా వింటాం. ఏ దేవుడు చెప్పాడు, వండిన మనిషి గిన్నె అడుగు గీక్కుని తినాలని?

నాకూ భక్తి ఉంది. దేవునికి చూపకుండా అన్నం ముద్ద నోట పెట్టను. పిల్లలు తృప్తిగా తింటుంటే నాకు పండుగే. వండడం మానేస్తామని ఏ ఇల్లాలూ అనడం లేదు. దేవుని కోసం మనసారా పట్టే ఒక్కపొద్దు వేరు. కూర మిగలక కడుపు మాడ్చుకోవడం వేరు. మొదటిది వ్రతం. రెండోది మనం చూడకపోవడం వల్ల జరిగే అన్యాయం.

అందుకే ఊరందరినీ ఈ పనులు అడుగుతున్నాను.

1. రాత్రి భోజనానికి అన్నం, కూర గిన్నెలన్నీ మధ్యలో పెట్టుకుని అందరూ ఒకేసారి కూర్చోండి. ఆ అరగంట టీవీ, ఫోన్ బంద్. ఎవరికి కావాల్సింది వారే వడ్డించుకోవచ్చు.

2. కూర, గుడ్డు, పెరుగు పంచేటప్పుడు వండినామెను లెక్కలో కలిపి పంచండి. ఐదుగురున్న ఇంట్లో నాలుగు గుడ్లు ఉడికితే అది నలుగురి ఇల్లు కాదు, ఐదుగురూ పంచుకోవాలి.

3. ఎవరి దేవుణ్ని వారు తలుచుకుని మొదలుపెట్టండి. లేచేముందు పండించిన రైతుకు, నాటు వేసిన కూలికి, వండిన చేతికి ఒక మంచి మాట చెప్పండి. ‘అన్నదాతా సుఖీభవ’ మన ఇంట్లోనే వినపడనీయండి.

4. ఎవరు తిన్న కంచం వారే తీయాలి. కొడుకుకూ బిడ్డకూ ఒకే పని చెప్పండి. వారానికి కనీసం రెండు రాత్రులు వంటిల్లు సర్దే పని మగవాళ్లు తీసుకోండి.

5. పండుగలకు, ఫంక్షన్లకు వండినవాళ్లను ఆఖరు బంతికి తోయొద్దు. మొదటి బంతిలోనే వారికి చోటు పెట్టండి. వడ్డించడానికి యువకులు ముందుకు రండి.

6. మహిళా సంఘాల నెలవారీ మీటింగులో అప్పుల లెక్కతో పాటు రక్తం లెక్క కూడా మాట్లాడుకుందాం. ఆశా కార్యకర్తను అడిగి పరీక్ష చేయించుకుందాం. పప్పులో, ఆకుకూరలో నిమ్మకాయ పిండుకుందాం. చాయ్‌ని భోజనానికి గంట దూరం పెడదాం. కృషి విజ్ఞాన కేంద్రం వారిని, ఫుడ్ సైన్స్ కాలేజీ విద్యార్థులను మన వాడలకు వచ్చి తిండి గురించి చెప్పమని అడుగుదాం.

ఇందులో దేనికీ పెద్దగా ఖర్చు లేదు. సర్కారు జీవో రావాల్సిన పని లేదు. పంచాయతీ తీర్మానం చేస్తే మంచిదే, చేయకున్నా మన ఇంటి తలుపు లోపల దీన్ని ఆపేవారు లేరు.

అత్తమ్మలారా, మీరు చివరన తిన్న రోజులు మీకు గుర్తున్నాయి. కోడలికి ఆ రోజులు రానీయకండి. అన్నల్లారా, ఈ రాత్రి కంచాలు పెట్టేటప్పుడు ఒకటి ఎక్కువ పెట్టండి. ఆమె “మీరు తినండి, నేను తర్వాత తింటా” అంటుంది. ఆ మాట విని మొదటి ముద్ద కలపకండి. ఆమె వచ్చి కూర్చునే దాకా ఆగండి.

— రుద్రూర్ గృహిణి