వాచీ చెప్పే అంతస్తుల లెక్క నమ్మొచ్చా?

హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటున్న పిల్లలు కొనిచ్చిన స్మార్ట్‌వాచీలు ఇప్పుడు నూజివీడు, చాట్రాయి మామిడి తోటల ఊళ్లలోనూ పెద్దవాళ్ల చేతికి కనిపిస్తున్నాయి. ‘ఈరోజు ఎన్ని అంతస్తులు ఎక్కావు నాన్నా?’ అని ఫోన్లో ఆరా తీయడం మామూలైపోయింది. కానీ డాబా మీదికి నాలుగుసార్లు వెళ్లొచ్చినా వాచీ రెండే చూపించొచ్చు. గాలివాన రోజున ఇంట్లోనే తిరిగినా ఒకటో రెండో కలపొచ్చు. ఆ అంకెను ఎంతవరకు నమ్మాలి?

మెట్లు కాదు, ఎత్తు

వాచీ మెట్లను లెక్కపెట్టదు. అందులోని బారోమీటర్ గాలి పీడనాన్ని కొలుస్తుంది. పైకి వెళ్లేకొద్దీ పీడనం తగ్గుతుంది. అదే సమయంలో అడుగులు కూడా పడుతుంటే, సుమారు 3 మీటర్ల ఎత్తుకు ఒక అంతస్తు చొప్పున వేసుకుంటుంది. ఆపిల్, ఫిట్‌బిట్, గార్మిన్ వాచీల్లో కొలత దాదాపు ఇదే. అందుకే లిఫ్టులో నిలబడి వెళ్తే మామూలుగా లెక్కలోకి రాదు. తిరుమలకు అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కినా వాచీలో ఆ సంఖ్య కనిపించదు. ఎక్కిన ఎత్తే అంతస్తులుగా మారుతుంది.

ఎక్కడ తప్పుతుంది?

* మన ప్రాంతంలో ఎనిమిదిన్నర మీటర్లు ఎక్కితే తగ్గే పీడనం ఒక్క హెక్టోపాస్కలే. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం లాంటి తుపాను వచ్చినప్పుడు పీడనం అంతకంటే ఎక్కువే పడిపోతుంది. నెమ్మదిగా వచ్చే మార్పుల్ని వాచీ చాలావరకు వడకట్టినా, ఈదురుగాలికి పొరబడొచ్చు.
* ఇంటి అంతస్తు 10 అడుగులకు తక్కువగా ఉన్నా, మెట్ల మధ్యలో చాలాసేపు ఆగినా లెక్క తప్పొచ్చు.
* బారోమీటర్ రంధ్రంలో చెమట, సబ్బు చేరినా అంతే.
* కొన్ని వాచీల్లో బారోమీటరే ఉండదు. ఫిట్‌బిట్ ఛార్జ్ 5 అంతస్తులు లెక్కించకపోవడానికి కారణమిదే.

రెయిలింగ్ వదలొద్దు

రెయిలింగ్ పట్టుకున్నా, చేతిలో బిందె ఉన్నా మణికట్టు ఊగదు. అడుగులు నమోదు కాకపోతే అంతస్తూ పోతుంది. లెక్క కోసం పెద్దవాళ్లు రెయిలింగ్ వదిలేయడం మాత్రం ప్రమాదం. అంకె పోతే పోయింది, కాలు జారితే తుంటి ఎముకకే ముప్పు. మోకాళ్ల నొప్పులున్నవారు ఇంకోటి గమనించాలి. మోకాలి మీద ఎక్కువ ఒత్తిడి పడేది దిగేటప్పుడు. ఎక్కిన అంతస్తుల లెక్కలో అది కనిపించదు.

డాక్టరుకు ఏం చెప్పాలి?

ఆపరేషన్‌కు ముందు ‘ఆగకుండా ఒకటి రెండు అంతస్తులు ఎక్కగలరా?’ అని డాక్టర్లు అడుగుతారు. గుండె, ఊపిరితిత్తుల సత్తా తెలుసుకోవడానికే ఆ ప్రశ్న. ‘వాచీలో రోజుకు ఎనిమిది చూపిస్తోంది’ అనేది దానికి జవాబు కాదు. రోజంతా విడతలు విడతలుగా ఎక్కినవీ ఆ ఎనిమిదిలో ఉంటాయి. ఎన్ని మెట్లకు ఆయాసం వస్తోంది, ఛాతీలో బరువుగా ఉంటోందా, నెల కిందట ఎలా ఉండేది అన్నవి చెప్పాలి. ఎక్కుతుంటే ఛాతీ నొప్పి వస్తే అంకెల సంగతి పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

వాచీని పరీక్షించడం తేలికే. గాలి లేని రోజున మీ ఇంటి మెట్లు ఐదుసార్లు ఎక్కి దిగి, ఎన్ని చూపించిందో రాసుకోండి. మరో రెండు రోజులు అలాగే చేయండి. రోజూ ఒకేలా తక్కువ చూపిస్తున్నా ఫర్వాలేదు, గత వారంతో పోల్చుకోవడానికి పనికొస్తుంది. రోజుకో రకంగా చూపిస్తుంటే ఆ అంకెను పట్టించుకోకండి.