గటక పోయింది, ఓట్సు వచ్చాయి: పొయ్యి దగ్గర ఎవరున్నారు?

షుగరు బయటపడగానే ఆస్పత్రిలో చెప్పే మాట పట్నంలోనూ తుక్కుగూడలోనూ ఇప్పుడు ఒకటే: అన్నం తగ్గించండి, ఓట్సు తినండి. ఈ మధ్య దానికి ఇంకో మెట్టు చేరింది. రెండు నిమిషాల్లో ఉడికే ఓట్సు కాదట, స్టీల్ కట్ ఓట్సు తినాలట. తినమన్నది రోగిని. కొని తెచ్చి, నానబెట్టి, అరగంట పొయ్యి దగ్గర నిలబడమని ఎవరికి చెప్పారు? ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండానే ఆ పని ఎవరిదో ఇంట్లో అందరికీ తెలుసు.

సలహాలో తప్పు లేదని ముందే ఒప్పుకుందాం. ఓట్సు గింజ పై పొట్టు తీసి, ఉక్కు బ్లేళ్లతో రెండు మూడు ముక్కలు చేస్తే అది స్టీల్ కట్. అదే గింజకి ఆవిరి పట్టి రోలర్ల మధ్య అణిస్తే అటుకుల్లాంటి మామూలు ఓట్సు. ముక్క గట్టిగా ఉంటుంది కాబట్టి మెల్లగా అరుగుతుంది, రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. ఓట్సులోని బీటా గ్లూకాన్ అనే పీచు కొలెస్ట్రాల్‌ని తగ్గిస్తుంది. ఆ మేలుని ప్యాకెట్ల మీద చెప్పుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1997లోనే అనుమతించింది.

వండడం కష్టమేమీ కాదు, కాకపోతే మనిషి దగ్గరే ఉండాలి. కప్పు రవ్వకి నాలుగు కప్పుల నీళ్లు. ఎసరు మరిగాక రవ్వ పోసి సన్నమంట మీద అరగంట. మధ్యమధ్య కలపకపోతే అడుగంటుతుంది. కుక్కర్లో సగానికి మించి పోస్తే నురగ పొంగి మూత మీదంతా కారుతుంది, అది తుడుచుకోవడం ఇంకో పని. రాత్రే నానబెడితే పొద్దున కాస్త టైము కలిసొస్తుంది గానీ, పొద్దుటి పనిలో కొంత రాత్రికి జరిగిందన్న మాటే. కొనేటప్పుడు వెనక అచ్చు చదవాలి. చక్కెర, రుచులు కలిపినవి వద్దు, 'ఇన్‌స్టంట్' అన్నది వద్దు. ఉడికాక ఉప్పేసి, చల్ల పోసుకుని, ఉల్లిగడ్డ నంజుకుంటే బాగుంటుంది.

ఈ చివరి మాట దగ్గర తుక్కుగూడ ముసలమ్మలు ఆగుతారు. గింజని ముక్కలు చేసి, ఎసట్లో పోసి, తెడ్డుతో తిప్పుతూ ఉడికించి చల్లతో తినేదాన్ని వాళ్లు గటక అంటారు. జొన్న గటక. ఇసుర్రాయి చేసిన పనే ఇప్పుడు ఉక్కు బ్లేడు చేస్తోంది. "గీ గటక కోసమా బిడ్డా గిన్ని పైసలు?" అని కోడలు తెచ్చిన ప్యాకెట్టు చూపించి ఒకావిడ నన్నే అడిగింది. కిలో స్టీల్ కట్ ఓట్సు ధరకి ఎన్ని కిలోల జొన్నలు వస్తాయో ఆమెకి నోటిలెక్క.

మరి గటక ఎందుకు పోయింది? 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆ పథకం ఎన్నో ఇళ్లలో ఆకలిని ఆపింది. గటక తినేవాళ్లని కులం పేరుతోనూ చిన్నచూపు చూసిన సమాజంలో రోజూ తెల్లన్నం దొరకడం ఒక గౌరవం. దాన్ని కోరుకున్నవాళ్లని తప్పుపట్టే హక్కు మనకి లేదు. ఇంకో కారణాన్ని మాత్రం చాలామంది దాటవేస్తారు. అది ఆడవాళ్ల రెక్కల కష్టం. జొన్నలు దంచి, చెరిగి, కోడి కూయకముందే ఇసుర్రాయి ముందు కూర్చున్న తరం అది. కంట్రోలు బియ్యం కడిగి పొయ్యి మీద పెడితే అన్నం అయిపోతుంది. చిరుధాన్యాల సభల్లో పెద్దమనుషులు 'మన అమ్మమ్మల తిండి' అని మురిసిపోతుంటే నాకు అమ్మమ్మల భుజాల నొప్పులే గుర్తొస్తాయి.

అయితే బియ్యం ఒక చాకిరీని తగ్గిస్తూనే ఎంపికని కూడా తీసేసింది. దుకాణంలో బియ్యమే ఇస్తారు కనుక జొన్న కొనేవాళ్లు తగ్గారు, కొనేవాళ్లు తగ్గాక వేసేవాళ్లు తగ్గారు. తుక్కుగూడ చుట్టుపక్కల చెల్కల సంగతి వేరే చెప్పాలా? 2008లో పక్కన శంషాబాద్ విమానాశ్రయం వచ్చింది. ఔటర్ రింగు రోడ్డు, ఫ్యాబ్ సిటీ, వాటి వెనకే వెంచర్లు. చెల్క అమ్మిన డబ్బు పట్టా ఉన్న చేతికి పోయింది. విత్తనం దాచి, కలుపు తీసి, కోత కోసిన చేతులకి పట్టా లేదు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకి వాటా ఇచ్చే చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే వచ్చినా, భూమి ధర పెరిగాక చాలా ఇళ్లలో ఆడపిల్లని పిలిచింది సంతకానికే.

2013 ఆహార భద్రతా చట్టం ఒక మంచి పని చేసింది. పద్దెనిమిదేళ్లు నిండిన ఆడవాళ్లలో పెద్దామెనే రేషన్ కార్డు మీద ఇంటి యజమాని చేసింది. అదే చట్టం బియ్యం కిలో మూడు రూపాయలకి, గోధుమలు రెండు రూపాయలకి, ముతక ధాన్యం ఒక్క రూపాయికి ఇవ్వాలంది. 2023 జనవరి నుంచి ఇవన్నీ ఉచితం. అంటే జొన్నలు చట్టంలో ఉన్నాయి, కార్డు ఆమె పేరున ఉంది. దుకాణంలో మాత్రం బియ్యమే ఉంది! కేంద్రం 2018లో ముతక ధాన్యాలకి 'పోషక ధాన్యాలు' అని కొత్త పేరు పెట్టింది. 2023ని ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. పేరు మారింది, సంచీ మారలేదు.

2025 ఉగాది నాడు రాష్ట్ర ప్రభుత్వం మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం మొదలుపెట్టింది. దొడ్డు బియ్యం తినలేక అమ్ముకునే గతి తప్పితే మంచిదే. కానీ షుగరు ఉన్న ఇంటికి ఒక ప్రభుత్వ శాఖ సంచీడు తెల్లబియ్యం ఇస్తుంటే, ఇంకో శాఖ ఆస్పత్రిలో అది తినొద్దంటోంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల్లో వంద గ్రాముల జొన్నల్లో పీచు 10 గ్రాములు, తెల్లబియ్యంలో 3 గ్రాముల లోపు. చిరుధాన్యాల పరిశోధనా సంస్థ రాజేంద్రనగర్‌లోనే ఉంది. ఆ రెండు చోట్ల నుంచీ తుక్కుగూడ కంట్రోలు దుకాణం ఎంత దూరం?

ఇది జరగని పనేం కాదు. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు, ఎక్కువమంది దళితులు, 1990ల మధ్యలోనే బీళ్లు సాగులోకి తెచ్చి, జొన్నలు ఊళ్లోనే నిలవ చేసి, బీదవాళ్లెవరో తామే తేల్చి తక్కువ ధరకి ఇచ్చి చూపించారు. కర్ణాటకలో రేషన్ మీద రాగులు, జొన్నలు ఇస్తున్నారు. ఒడిశా 2017లో మొదలుపెట్టిన చిరుధాన్యాల పథకంతో రాగులు రేషన్‌లోకీ అంగన్‌వాడీల్లోకీ వచ్చాయి.

ఇక పొయ్యి దగ్గరి సంగతి. దేశవ్యాప్త కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు 2019లో రోజుకి 299 నిమిషాలు ఆ పనికి పెడితే, చేసే మగవాళ్లు 97 నిమిషాలు పెట్టారు. 2024కి అవి 289, 88 అయ్యాయి. మనకి పది నిమిషాలు తగ్గితే వాళ్లు తొమ్మిది తగ్గించుకున్నారు. ఇప్పుడు దీనికి అరగంట ఓట్సు కలపండి. మొగుడికి విడిగా ఓట్సు, పిల్లలకి అన్నం, అత్తకి రొట్టె. షుగరు ఆమెకే ఉంటే మాత్రం తన ఒక్కదాని కోసం వేరే పొయ్యి వెలిగించదు, మిగిలిన అన్నమే తింటుంది. ఇది నేను చాలా ఇళ్లలో చూశాను.

2023 సెప్టెంబర్ 17న ఇదే తుక్కుగూడ సభలో కాంగ్రెస్ ఆరు గ్యారంటీలు ప్రకటించింది. అందులో ఆడవాళ్లకి 500 రూపాయలకి గ్యాసు బండ ఒకటి. గ్యాసు ధర రాజకీయం అయింది. ఆ మంట మీద ఏం ఉడుకుతుంది, ఎవరు ఉడికిస్తారు అన్నవి ఇంకా కాలేదు.

వైద్యులతో మన సంఘాలు మాట్లాడాలి. చీటీ రాసేటప్పుడు వండే పద్ధతి రోగికే, మగవాడైనా సరే, చెప్పి పంపమనాలి. అరగంట తెడ్డు తిప్పడం నేర్చుకోలేనంత విద్య కాదు. కొలెస్ట్రాల్ కోసం ఓట్సే కావాల్సినవాళ్లు, కొనగలిగినవాళ్లు కొనుక్కుంటారు. మిగతావాళ్లకి జొన్న రవ్వ చాలు, అది కూడా ఇసుర్రాయి లేకుండా. పిండి గిర్నీలో రాళ్లు కాస్త ఎడం చేస్తే పిండికి బదులు రవ్వ పడుతుంది. ఆ గిర్నీ మహిళా సంఘం చేతిలో ఉండాలి, పట్టినందుకు కూలి గిట్టాలి. కార్డు మీద వచ్చే ఆరు కిలోల్లో రెండు కిలోలు బియ్యమా, జొన్నలా, జొన్న రవ్వా అన్నది కార్డు మీద పేరున్న మనిషి చెప్పాలి.