ఉన్నది ఉన్నట్టు కట్టి చూడండి!

స్పోర్ట్స్ కారు మోడల్ అనగానే కుర్రకారుకు ముందు మార్పులే గుర్తొస్తాయి. వెనకాల పెద్ద స్పాయిలర్, వెడల్పు టైర్లు, తలుపుల మీద మంటల స్టిక్కర్లు, కళ్లు జిగేల్‌మనే రంగు. ప్లాస్టిక్ కిట్లు కొని చేత్తో స్కేల్ మోడళ్లు కట్టేవాళ్లలోనూ ఈ మోజు ఉంది. తప్పేం కాదు. కానీ నా సలహా వేరు. మీరు ఇంజినీరింగ్ చదువుతున్నా, చదువైపోయి ఉద్యోగం వెతుక్కుంటున్నా, ఒక్కసారైనా ఒక కారును స్టాక్‌గా కట్టి చూడండి. అంటే ఫ్యాక్టరీ గేటు దాటి బయటికొచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే. అదే రంగు, అవే చక్రాలు, అవే సీట్లు. మన సొంత తెలివి ఒక్క చుక్క కూడా కలపకుండా.

‘మరి ఇందులో క్రియేటివిటీ ఏముంది?’ అంటారా? ఏమీ లేదు. అందుకే కట్టమంటున్నా.

మార్చి కట్టిన కారులో తప్పు దాక్కోవడానికి బోలెడు చోటుంటుంది. రంగు మచ్చలుగా పడితే ‘పాత బండి లుక్’ అంటాం. బంపర్ కాస్త వంకరగా అతుక్కుంటే ‘కస్టమ్’ అంటాం. స్టాక్ కారుకు ఆ వెసులుబాటు లేదు. అసలు కారు ఫొటో పక్కనే ఉంటుంది. సరిపోలిందా, లేదా... అంతే.

మన చదువుల్లో కరవైంది సరిగ్గా ఈ పోలికే. ఫస్టియర్ వర్క్‌షాప్‌లో రెండు ఇనుప ముక్కల్ని ఆకురాయితో రాసి రాసి ఒకదాంట్లో ఒకటి కూర్చోబెట్టిన రోజు గుర్తుందా? వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే మధ్యలో సందు కనిపించేది. ఆ సందు ఎవరి మొహమాటానికీ పూడదు. ఆ తర్వాత మూడేళ్లలో అలాంటి పరీక్ష మళ్లీ ఎంతమందికి ఎదురైంది? ఫైనలియర్ ప్రాజెక్టు అమీర్‌పేటలో డబ్బులిస్తే దొరుకుతుంది. రిపోర్టు సీనియర్ల పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది. చేత్తో ఒక వస్తువును మొదలుపెట్టి, పూర్తిచేసి, అసలుదాని పక్కన పెట్టి చూసుకున్న అనుభవం లేకుండానే పట్టా చేతికొచ్చేస్తోంది. నా బాధల్లా అదే.

ఒక చిన్న ఎర్ర కారు

ఉదాహరణకు ఒక కారు తీసుకుందాం. మాజ్దా ఎంఎక్స్-5. టాపు తీసేస్తే ఆకాశం కనిపించే రెండు సీట్ల జపాన్ స్పోర్ట్స్ కారు. 2015లో అమ్మకానికొచ్చిన నాలుగో తరం కారు పొడవు 3,915 మిల్లీమీటర్లు. దీని కిట్‌ను 1/24 స్కేలులో తమియా కంపెనీ చేసింది. అంటే మోడల్ పొడవు సుమారు 163 మిల్లీమీటర్లు. మన ఫోను పక్కన పెడితే దాదాపు సరిపోతుంది.

తమియాది జపాన్‌లోని షిజుఒకా నగరం. 1946లో కలప వ్యాపారంగా మొదలై, చెక్క మోడళ్ల మీదుగా ప్లాస్టిక్ మోడళ్లలోకి వచ్చింది. ఆ కంపెనీని ప్రపంచానికి పరిచయం చేసిన షున్సాకు తమియా గురించి మోడలర్లు ఓ ముచ్చట చెప్పుకుంటారు. 1976లో వచ్చిన పోర్షె 934 కిట్ కోసం ఆయన నిజం పోర్షె 911ను కొని, విప్పి, లోపల ఏది ఎలా ఉందో చూయించారు. ఓ బొమ్మ కోసం ఖరీదైన కారును ముక్కలు చేయించిన పిచ్చి అనుకోవచ్చు. ఉన్నదాన్ని ఉన్నట్టు చేయాలంటే ముందు ఉన్నదేంటో తెలియాలన్న పట్టుదల అది. కిట్ డబ్బా తెరిచిన మనకూ అదే పాఠం. కట్టడానికి ముందు అసలు కారు ఫొటోలు ఓ పాతిక చూడండి. పైనుంచి, కిందనుంచి, లోపల, వెనక.

రంగు దాచదు, చూపిస్తుంది

కిట్ భాగాలు ప్లాస్టిక్ చట్రాలకు అతుక్కుని వస్తాయి. వాటిని చేత్తో విరవకూడదు. నిప్పర్‌తో కాస్త దూరంగా కత్తిరించి, మిగిలిన బుడిపెను బ్లేడుతో చెక్కి, వాటర్ పేపర్‌తో నునుపు చేయాలి. బాడీ మీద అచ్చు కలిసిన చోట వెంట్రుకంత గీతలుంటాయి. అసలు కారుకు అవి ఉండవు కాబట్టి వాటినీ రుద్ది తీసేయాలి. తర్వాత గిన్నెలు తోమే సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి. లేకపోతే వేళ్ల జిడ్డు మీద రంగు పట్టదు.

ఇదంతా రంగు కింద పోయేదే కదా అనిపిస్తుంది. ఇంటికి సున్నం, రంగులు వేసే మేస్త్రీని అడగండి. లప్పం సరిగా పెట్టని గోడకు ఎంత ఖరీదైన పెయింటు వేసినా గుంతలు కనపడక మానవు. నిగనిగలాడే రంగైతే మరీను. మెరుపు పెరిగేకొద్దీ లోపం బయటపడుతుంది.

ఇక్కడో చిన్న లెక్క చూడండి. నిజం కారు మీద ప్రైమర్ నుంచి క్లియర్ కోటు దాకా రంగు మొత్తం మందం మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. మీ మోడల్ మీదా అదే 100 మైక్రాన్లు పడిందనుకోండి. స్కేలు 1/24 కాబట్టి 24తో గుణించాలి. నిజం కారుకు 2.4 మిల్లీమీటర్ల మందాన రంగు పూసినట్టే! తలుపుల చుట్టూ ఉండే సన్నని గీతలు పూడుకుపోతాయి. అందుకే తెలిసినవాళ్లు రంగుకు ముందే ఆ గీతల్ని పదునైన మొనతో ఇంకాస్త లోతు చేసుకుంటారు. ఒకేసారి దట్టంగా కాకుండా పలచగా, కోటు మీద కోటు వేస్తారు. మెటాలిక్ రంగులోని మెరుపు రేణువుకూ ఇదే లెక్క వర్తిస్తుంది. 30 మైక్రాన్ల రేణువు 24 రెట్లయితే 0.72 మిల్లీమీటర్లు. నిజం కారు మీద ఉప్పు రవ్వలు చల్లినట్టుంటుంది. కాబట్టి వీలైనంత సన్నని రేణువులున్న రంగే ఎంచుకోవాలి. స్కేలు అంటే కొలతలు తగ్గించడం ఒక్కటే కాదని, పదార్థం మనతోపాటు చిన్నది కాదని తరగతి గదిలో ఇంత సూటిగా ఎవరూ చెప్పరు.

ఈ కారుకు పేరు తెచ్చిన ఎరుపు సంగతి ఇంకా బాగుంటుంది. మాజ్దా 2012లో తెచ్చిన ‘సోల్ రెడ్’ ఒక్క రంగు కాదు, పొరల అమరిక. అడుగున వెలుగును తిప్పికొట్టే పొర, దాని మీద వెలుగును లోపలికి పోనిచ్చే ఎరుపు, ఆపైన క్లియర్. మోడల్‌కూ అదే దారి. ముందు సన్నని వెండి రంగు, మీద పారదర్శకమైన ఎరుపు, చివర క్లియర్. అయితే ఒక చిక్కుంది. పారదర్శక ఎరుపు ఒక్కో కోటుకూ ముదురుతుంది. బాడీకి మూడు కోట్లు వేసి, విడిగా ఉన్న అద్దాలకు నాలుగు వేస్తే, చివర్లో అతికించినప్పుడు అవి వేరే కారువిలా కనిపిస్తాయి. కోట్లు లెక్కపెట్టి రాసుకోక తప్పదు. పరిశ్రమల్లో ప్రాసెస్ కంట్రోల్ అని పెద్ద పేరు పెట్టేది దీనికే.

ఆరనివ్వడం కూడా పనే

స్ప్రే రంగులకు మన వాతావరణంతో పేచీ ఉంది. లక్కర్ రంగులోని ద్రావకం ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాల్లో తేమ ఎక్కువగా ఉంటే అక్కడ నీరు చేరి రంగు తెల్లగా మసకబారుతుంది. శ్రావణం ముసురులో విశాఖలోనో కాకినాడలోనో క్లియర్ కోటు వేయాలంటే ఆగి ఆలోచించాల్సిందే. మే నెల మధ్యాహ్నం రామగుండంలో సంగతి వేరు. తుంపర బాడీని చేరేలోపే ఆరిపోయి, రంగు గరుకు తేలుతుంది. అదను చూసుకోవాలి, రైతు విత్తనానికి చూసుకున్నట్టు.

ఇంకో మాట. ఈ రంగుల ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు. గుడ్డ మాస్కు, ఎన్-95 దాన్ని ఆపవు. ద్రావకాల ఆవిరిని పట్టే కాట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి, గాలి ఆడే చోటు కావాలి. దగ్గర్లో గ్యాస్ పొయ్యి, దేవుడి దీపం ఏవీ వెలుగుతూ ఉండకూడదు. హాస్టల్ గదిలో తలుపులేసుకుని స్ప్రే కొట్టే పని అసలే వద్దు.

క్లియర్ కోటు వేశాక పాలిష్ పట్టడానికి తొందరపడకండి. పైకి ఆరినట్టున్నా లోపల మెత్తగా ఉంటుంది. వారం ఆగితే నిశ్చింత. మరి ఆ వారం ఖాళీయా? కానే కాదు. ఛాసిస్, ఇంజిన్ కింది భాగాలు, డ్యాష్‌బోర్డు, సీట్లు అన్నీ ఈలోపు చేసుకోవాలి. పరీక్ష కోసం బట్టీపట్టిన సీపీఎం చార్టు ఇక్కడ మీ బల్ల మీదే కనిపిస్తుంది. ఏ పని ఆగితే మొత్తం ఆగుతుందో, ఏది పక్కన నడిపించొచ్చో.

లోపలి భాగాల దగ్గర ఇంకో కన్ను తెరుచుకుంటుంది. టైరు నలుపు, డ్యాష్‌బోర్డు నలుపు, కిటికీ రబ్బరు నలుపు, ఛాసిస్ నలుపు... నాలుగూ వేరు. ఒకటి దుమ్ము పట్టినట్టు, ఒకటి చర్మంలా, ఒకటి మెరుపు చచ్చి, ఒకటి కొద్దిగా మెరుస్తూ. అన్నిటికీ ఒకే నలుపు కొడితే కారు బొమ్మలాగే మిగిలిపోతుంది. అద్దాలు అతికించేటప్పుడు క్షణంలో అంటుకునే జిగురు వాడితే దాని ఆవిరికి అద్దం పొగబారుతుంది. తెల్లగా ఉండి, ఆరితే రంగులేకుండా కనిపించే ఫెవికాల్ లాంటిది చాలు.

ఉద్యోగం వస్తుందా?

ఇప్పుడు అసలు ప్రశ్న. దీనివల్ల ఉద్యోగం వస్తుందా? మోడల్ కట్టానంటే ఎవరూ ఆఫర్ లెటర్ ఇవ్వరు. నేనూ అలా చెప్పను. కార్ల డిజైన్ స్టూడియోల్లో కంప్యూటర్లు ఎన్ని వచ్చినా క్లే మోడళ్లు చెక్కే చేతులకు ఇంకా చోటుంది. ఆ దారిలో ఆసక్తి ఉంటే ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ పరీక్ష, గాంధీనగర్‌లో ఎన్ఐడీ నడిపే ఆటోమొబైల్ డిజైన్ కోర్సు, మన ఐఐటీ హైదరాబాద్ డిజైన్ విభాగం గురించి కనుక్కోండి. మిగతావాళ్లకు దక్కేది వేరే. కోడ్ రాసినా, వంతెన కట్టినా, స్పెసిఫికేషన్ అనే కాగితం ముందుంటుంది. దాన్ని మన ఇష్టానికి సాగదీయకుండా చదివి, అలాగే చేసి, ఎక్కడ తేడా వచ్చిందో మనమే చెప్పగలగడం ఏ ఉద్యోగంలోనైనా మొదటి అర్హత. ఇప్పుడు కోడ్, రిపోర్టు అడిగితే ఏఐ రాసి ఇస్తోంది. వచ్చింది సరైందో కాదో పోల్చి చూసే కన్ను మాత్రం మనమే పెంచుకోవాలి.

ఖర్చు సంగతీ దాచను. దిగుమతి కిట్, రంగులు, పనిముట్లు, రెస్పిరేటర్ అన్నీ కలిస్తే వేలల్లోకి వెళ్తుంది. ఇంట్లో ఫీజులకే వెతుక్కుంటుంటే దీనికోసం అప్పు చేయొద్దు. నలుగురు స్నేహితులు కలిసి ఒక కిట్ కొనండి. అదీ కుదరకపోతే అట్టముక్క, స్కేలు, కత్తెర చాలు. మీ వీధి చివర ఆగే ఆటోను కొలిచి, 1/24లో ఉన్నదున్నట్టు కట్టండి. సూత్రం ఒక్కటే. మీ పక్కన అసలుది ఉండాలి, దాన్నుంచి తప్పించుకునే దారి ఉండకూడదు.

కట్టడం అయ్యాక ఫొటో తీసి వెంటనే స్టేటస్ పెట్టేయకండి. ముందు అసలు కారు ఫొటో పక్కన పెట్టి, తేడాలన్నీ కాగితం మీద రాయండి. పది రావచ్చు, ముప్పై రావచ్చు. ఎన్నొస్తే అన్నీ రాయండి, ప్రతిదాని పక్కనా కారణం రాయండి. ఆ తర్వాత రెండో కారుకు మీ ఇష్టం. రెక్కలు పెట్టుకోండి, మంటలు వేసుకోండి. అప్పుడు మీరు మార్చేది ఏంటో, ఎందుకో మీకు తెలిసి ఉంటుంది.