పండుగ మత్తు దిగకముందే పడవ ఎక్కరాదు

పులికాట్ (తిరుపతి జిల్లా): క్రిస్మస్‌తో మొదలై, కొత్త సంవత్సరం మీదుగా కనుమ దాకా సాగే మూడు వారాలూ పులికాట్ తీర గ్రామాల్లో బంధువుల రాకపోకలకూ మందు సీసాలకూ ఒకే కాలం. చెన్నైకీ శ్రీసిటీకీ పనులకు పోయినవారు ఊరు చేరుతారు. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ జరిగిన ఏడాది ఈ సందడి మరికొన్నాళ్లు సాగుతుంది. తాగవద్దని చెప్పేవారు ప్రతి ఏడూ ఉన్నారు, వినేవారు మాత్రం తక్కువ. అందుచేత తాగేవారు ఎటూ తాగుతారన్న సంగతి ఒప్పుకుని, ప్రాణానికి ముప్పు ఎక్కడ ఉన్నదో చూడవలసి ఉన్నది. సరస్సునూ జాతీయ రహదారినీ ఆనుకుని ఉన్న ఈ ప్రాంతంలో ఆ ముప్పు గ్లాసు పట్టిన వేళ కంటే, దించిన తర్వాతి పది గంటల్లోనే ఎక్కువ.

క్వార్టరు లెక్క

విస్కీ గాని బ్రాందీ గాని 180 మిల్లీలీటర్ల క్వార్టరు సీసాలో నూటికి 42.8 పాళ్లు ఆల్కహాలు ఉంటుంది. తూకంలో అది సుమారు 60 గ్రాములు. మనిషి కాలేయం దీన్ని గంటకు ఏడెనిమిది గ్రాముల చొప్పున మాత్రమే కరిగించగలదు. అంటే ఒక్క క్వార్టరు పూర్తిగా దిగిపోవడానికి ఎనిమిది గంటలు, బక్కపలచని మనిషికైతే పది గంటలు కూడా పట్టవచ్చు.

రాత్రి పది గంటలకు సీసా ముగించి, ఒక కునుకు తీసి, తెల్లవారుజామున నాలుగు గంటలకు వల ఎత్తడానికి పోయేవాడు మత్తు దిగిందనే అనుకుంటాడు. వాహనం నడిపేవారికి మోటారు వాహనాల చట్టం విధించిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. నాలుగు గంటల వేళకు అతడు ఆ హద్దుకు పైనే ఉండే అవకాశం ఎక్కువ. నిద్ర గాని, మజ్జిగ గాని, నిమ్మరసం గాని, కాఫీ గాని, చన్నీళ్ల స్నానం గాని కాలేయం పనిని తొందర పెట్టలేవు. కాలం గడవడం ఒక్కటే మందు.

బీరు నీళ్లతో సమానమనే మాట కూడా సరికాదు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసాలో 40 గ్రాముల దాకా ఆల్కహాలు ఉండవచ్చు. రెండు సీసాలు తాగితే క్వార్టరును మించిపోయినట్లే.

చలికి విరుగుడు కాదు

సరస్సు మీద చలిగాలికి ఒక గుక్క పడాలన్నది పాత నమ్మకం. మద్యం పడగానే చర్మం కింది రక్తనాళాలు విప్పారి ఒళ్లు వెచ్చబడినట్లు తోస్తుంది. నిజానికి లోపలి వేడి బయటికి పోతుంది. తడి బట్టలతో గాలిలో ఉన్నవాడు మరింత త్వరగా చల్లబడతాడు. చేతుల పట్టు తగ్గుతుంది, తూలు వస్తుంది. పులికాట్ చాలా చోట్ల మీటరు లోతుకు మించదు గనుక భయం లేదనుకోవడం పొరపాటు. మత్తులో బురదలో బోర్లా పడినవాడికి మోకాటి లోతు నీళ్లు చాలు.

2011 డిసెంబరు 25న ఇదే సరస్సు తమిళనాడు వైపున విహారానికి పోయిన పడవ తిరగబడి 22 మంది మరణించారు. అది మద్యం వల్ల జరిగిన ప్రమాదం కాదు. అయితే పండుగ నాడు కిక్కిరిసిన పడవలో ఒక పొరపాటుకు ఎంత మూల్యమో ఆ రోజు తెలిసింది. ఆ పొరపాటుకు మత్తు తోడయితే చెప్పనక్కరలేదు.

మాల తీసిన తర్వాత

ఈ కాలంలోనే వేలాది మంది అయ్యప్ప దీక్ష పూని 41 రోజులు మద్యం ముట్టరు. దీక్ష ఎంతో మేలు చేస్తుంది. మాల తీసిన తర్వాతే చిక్కు. ఇన్నాళ్లు మానినందున శరీరం పాత మోతాదును తట్టుకోలేదు. వెనుకటి లెక్కన ఒకే కూర్చోటులో తాగినవారు స్పృహ తప్పే ప్రమాదం ఉన్నది. నలభై రోజులు మానగలిగినవాడు ఆపైన కూడా మానగలడన్న మాట ఇంటివారు గుర్తు చేయడం మంచిది. ఏళ్ల తరబడి రోజూ తాగేవారి సంగతి వేరు. వారు ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్స్ రావచ్చు గనుక డాక్టరు సలహాతో మానాలి.

లేబులు లేని సీసా

రాష్ట్రంలో 2024 అక్టోబరులో మద్యం దుకాణాలు తిరిగి ప్రైవేటు వారికి దక్కాయి. 99 రూపాయల క్వార్టరు కూడా అప్పుడే వచ్చింది. ధర తగ్గితే కల్తీ పోతుందని ఆశించినా, 2025 అక్టోబరులో పూర్వపు చిత్తూరు జిల్లా ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ బయటపడింది. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచిలో మిథనాలు కలిసిన సారా 60 మందికి పైగా ప్రాణాలు తీసింది. మిథనాలు రుచిలో తేడా తెలియనివ్వదు. పన్నెండు గంటలో, ఒక రోజో గడిచాక కడుపునొప్పి, వాంతులు, చూపు మసకబారడం కనిపిస్తాయి. అప్పుడు హ్యాంగోవరని ఇంట్లో పడుకోబెట్టక వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి. ఆలస్యమైతే కళ్లు పోతాయి, ప్రాణమూ పోతుంది.

చేయదగినవి

ఆరోగ్యానికి హాని చేయని మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. అయినా తాగేవారు ఖాళీ కడుపుతో తాగరాదు. భోజనం చేసి, నడుమ నీళ్లు తాగుతూ, నిదానంగా తక్కువతో ఆపాలి. షుగరుకు ఇన్సులిన్ గాని మాత్రలు గాని వాడేవారికి మద్యం పడితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. తలనొప్పికని పారాసిటమాల్ ఎక్కువగా మింగితే కాలేయం దెబ్బతింటుంది. స్పృహ తప్పినవాడి నోట్లో మజ్జిగ పోయరాదు, వాంతి చేయించరాదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఊపిరి చూస్తూ ఒకరు దగ్గర ఉండాలి.

ఈ తీర గ్రామాలు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1992లో, అదే జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధం మాత్రం రెండేళ్లకే సడలింది. దుకాణం ఉండాలా వద్దా అన్నది నేడు పల్లె చేతిలో లేదు. రేవు మాత్రం పల్లె చేతిలోనే ఉన్నది. కనుమ నాడు కాకి కూడా కదలదని పెద్దల సామెత. ఆ మాట పట్టుకుని భోగి నుంచి కనుమ మరునాటి ఉదయం దాకా తాగినవాడు పడవ ఎక్కరాదని, మోటారు సైకిలు తాళం ఇంటి ఆడవారి దగ్గరే ఉండాలని కుల పెద్దలూ పొదుపు సంఘాలూ కూర్చుని తీర్మానించుకోవచ్చు. దానికి ప్రభుత్వ ఉత్తర్వుతో పని లేదు.