అసలు హంతకుడు దొరక్కపోతే?

చిలకను సాక్షిగా పిలిచి క్రాస్ ఎగ్జామినేషన్ చేసే వీడియో గేమ్ మీద ఇంత కోపమెందుకని అడిగేవాళ్లకి ఒకటే జవాబు. నవ్విస్తున్నవాడు చెప్పేది మనం గట్టిగా పరీక్షించం. నవ్వుతూ నవ్వుతూ మింగేస్తాం. అందుకే నవ్వించేదాన్ని రెండింతలు అనుమానంతో చూడాలి.

నేనంటున్నది ‘ఏస్ అటార్నీ’ గురించి. షు తకుమి ఊహలో పుట్టి, జపాన్ కంపెనీ కాప్‌కామ్ 2001లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ మీద వదిలిన ఆట. 2005లో ఇంగ్లిష్‌లోకి వచ్చింది, కొత్త కొత్త భాగాలతో సీరీస్‌గా సాగింది. ఫీనిక్స్ రైట్ అనే కుర్ర డిఫెన్స్ లాయరు మనమే. సాక్షి వాంగ్మూలంలో అబద్ధం ఎక్కడుందో పసిగట్టి, దానికి తగిన సాక్ష్యం చూపించి, వేలు చాచి ‘అబ్జెక్షన్!’ అని అరవాలి. ‘అబ్జెక్షన్ యువరానర్’ వింటూ పెరిగిన మనకి ఇది మేనమామ ఇంటికెళ్లినంత సుఖంగా ఉంటుంది.

హాస్యానికి లోటు లేదు. జడ్జికి పేరు కూడా లేదు, చివర ఎవరు అరిస్తే వాళ్లదే నిజమని తలాడిస్తాడు. ఒక ప్రాసిక్యూటరు కొరడాతో కోర్టు మొత్తాన్ని బాదుతుంది. ఇంకొకడు ఎదుటి లాయరు మీదికి కాఫీ కప్పు విసురుతాడు. మొట్టమొదటి కేసులో అబద్ధం బయటపడగానే సాక్షి నెత్తిమీది విగ్గు పీకి విసిరేస్తాడు. నేనూ పగలబడి నవ్వాను. గొడవ నవ్వుతో కాదు. ఈ ఆటకి మార్కులు వేసేవాళ్లు ఏళ్ల తరబడి వల్లిస్తున్న ఒక మాటతో. ‘ఇది జపాన్ న్యాయవ్యవస్థ మీద పదునైన వ్యంగ్యం’ అట!

సగం నిజమే, కాదనను. జపాన్‌లో కేసు కోర్టుకెక్కిందంటే శిక్ష పడే అవకాశం 99 శాతం పైమాటే. ఒక్కో ఆరోపణ మీద చార్జిషీటు లేకుండానే 23 రోజుల దాకా లోపల పెట్టొచ్చు. విచారణ గదిలో పక్కన లాయరు ఉండడు. నేరం ఒప్పుకోనివాడికి బెయిలు గగనం. ‘బందీ న్యాయం’ అని అక్కడి లాయర్లే దాన్ని తిట్టిపోస్తారు. కాబట్టి నలభై ఏళ్లుగా ఒక్క కేసూ ఓడని ప్రాసిక్యూటరును ఆటలో పెడితే అది అతిశయోక్తి కాదు, రిపోర్టింగ్. మూడు రోజుల్లో కేసు తేల్చెయ్యాలన్న ఆటలోని రూలూ మంచి ఎత్తిపొడుపే.

కానీ వ్యంగ్యాన్ని డైలాగుల్లో వెతికితే చాలదు. ఆటను ఆట నియమాల్లో చదవాలి. బొమ్మ ఏం మాట్లాడుతోందన్నది తర్వాత, నా చేత ఏం చేయిస్తోందన్నది ముందు.

మొదటి ఆటలో తెర మీద ఐదు ఆశ్చర్యార్థకాలు ఉంటాయి. తప్పు సాక్ష్యం చూపించిన ప్రతిసారీ ఒకటి పోతుంది. ఐదూ పోతే? లాయరు తడబడ్డాడని ముద్దాయికి శిక్ష! ప్రాసిక్యూషన్ ఏమీ రుజువు చెయ్యనక్కర్లేదు. పోనీ తడబడకుండా వాళ్ల కేసును పటాపంచలు చేశామనుకోండి, అప్పుడైనా వదులుతారా? ‘నీ క్లయింటు చంపకపోతే మరి ఎవరు చంపారు?’ అని అడుగుతారు. అసలు హంతకుణ్ణి లాగి నిలబెట్టాలి. వాడు వణికి, అరిచి, కూలిపోయి ఒప్పుకోవాలి. అప్పుడే ‘నిర్దోషి’ అన్న తీర్పు, గ్యాలరీలో కేరింతలు, పైనుంచి రంగు కాగితాల వాన.

ఇదీ నా ఫిర్యాదు. జడ్జిని వెక్కిరించారు, ప్రాసిక్యూటరును వెక్కిరించారు, నేరం ఒప్పుకోలును మాత్రం పీటమీద కూర్చోబెట్టి హారతి పట్టారు. జపాన్ కోర్టుల రోగమే ఒప్పుకోలు. ఆ రోగాన్నే ఈ ఆట మందుగా అమ్ముతోంది.

ఇవావొ హకమాదా కేసు చూడండి. ఒకప్పటి బాక్సరు. 1966లో షిజువోకా ప్రాంతంలో ఒక కుటుంబంలో నలుగురిని చంపాడని, వాళ్ల మీసో (సోయా ముద్ద) ఫ్యాక్టరీలో పనిచేసే ఇతన్ని పట్టుకున్నారు. రోజుల తరబడి విచారించి ఒప్పించారు. కోర్టులో అతను అదంతా అబద్ధమన్నాడు. ఒప్పుకోలు వాంగ్మూలాలు 45 ఉంటే కోర్టు 44 తోసిపుచ్చి, మిగిలిన ఆ ఒక్కదాన్ని పట్టుకుంది. ఏడాది తర్వాత ఫ్యాక్టరీలోని మీసో తొట్టిలో నెత్తుటి బట్టలు ‘దొరికాయి’. 1968లో మరణశిక్ష వేశారు. అప్పీలు విచారణలో ఆ ప్యాంటు తొడిగి చూపించమంటే అతనికి పైకి ఎక్కనే లేదు! ఫీనిక్స్ రైట్ కూడా ఇంత సులువైన పజిల్ ఎరగడు. అయినా మరణశిక్ష నిలబడింది. మొదట ఆ శిక్ష వేసిన ముగ్గురు జడ్జీల్లో ఒకరైన నొరిమిచి కుమమొతో, అతను నిర్దోషి అనే తాను నమ్మానని 2007లో బయటపెట్టాడు. 2014లో జైలు నుంచి వదిలారు. నిర్దోషి అన్న తీర్పు 2024 సెప్టెంబరులో వచ్చింది. అప్పటికి అతనికి 88 ఏళ్లు. బట్టలు దర్యాప్తు చేసినవాళ్లు కల్పించిన సాక్ష్యమని కోర్టే తేల్చింది.

ఇప్పుడు ఆ కేసును ఈ ఆట నియమాల ప్రకారం ఆడండి. అసలు హంతకుడెవరు? ఇవాళ్టికీ తేలలేదు. అంటే హకమాదా లాయరు చూపించడానికి వేరే హంతకుడు లేడు, విగ్గు పీకి విసిరేవాడు లేడు. ఆట లెక్కలో ఆ మనిషికి విడుదల లేదు! అతని అక్క హిదెకో దశాబ్దాల పాటు చేసిన పోరాటానికి ఈ సరదా కోర్టులో చోటే లేదు. ఇది వ్యవస్థ మీద వ్యంగ్యం ఎలా అవుతుంది?

న్యాయంగా చెప్పాల్సింది ఒకటుంది. సామాన్య పౌరులు ఆరుగురు ముగ్గురు జడ్జీల పక్కన కూర్చుని తీర్పు చెప్పే పద్ధతి జపాన్‌లో 2009లో అమల్లోకి వచ్చింది. దానికి రెండేళ్ల ముందే వచ్చిన నాలుగో ఆటలో, తిరుగులేని సాక్ష్యం లేకపోయినా పౌరులు తమ వివేకంతో తీర్పు చెప్పొచ్చన్న ఆలోచన పెట్టారు. మెచ్చుకుంటాను. కానీ అక్కడ కూడా విలన్ ఎవరో ఆటగాడికి ముందే తెలిసిపోతుంది. సందేహంతో ఒంటరిగా కూర్చునే కష్టం ఆటగాడికి పెట్టరు.

ఆ కష్టం మనకీ గిట్టదు. పోలీసు ముందు చేసిన ఒప్పుకోలు ముద్దాయి మీద చెల్లదని మన చట్టం 1872 నుంచి చెబుతోంది, కొత్త సాక్ష్య చట్టమూ అదే చెబుతోంది. వీధిలో మాత్రం ముసుగేసి కెమెరాల ముందు నిలబెట్టి ‘ఒప్పుకున్నాడు’ అంటే చాలు, మన తీర్పు అయిపోతుంది. 2019 డిసెంబరులో షాద్‌నగర్ దగ్గర నలుగురు నిందితులు ఎన్‌కౌంటర్లో చనిపోతే పోలీసుల మీద పూలు చల్లాం. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని 2022లో సిర్పూర్కర్ కమిషన్ తేల్చాక ఆ పూల గురించి మాట్లాడినవాళ్లు ఎంతమంది? ఆట ఆడి పూలు చల్లారని నేననను. ఆ పూలూ ఈ రంగు కాగితాలూ ఒకే దాహం తీరుస్తాయంటాను. దోషి దొరికాడు, ఇక ఇంటికెళ్లొచ్చు.

ఈ ఆటకి హాస్యంలో నూటికి తొంభై ఇస్తాను. న్యాయంలో సున్నా. తర్వాతి ఆట తీసేవాళ్లకి నా డిమాండు ఇది. ఒక్క కేసు, ఒకే ఒక్క కేసు, హంతకుడు దొరకకుండా ముగించండి. ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యలేకపోయింది కాబట్టి నిర్దోషి అని జడ్జి చేత అనిపించండి. ఆటగాడు గింజుకుంటాడు, తిడతాడు, డబ్బులు వాపసు అడుగుతాడు. అడగనివ్వండి. ఆ మాత్రం ధైర్యం చెయ్యనంతకాలం మీరు ఆ కోర్టును వెక్కిరించినట్టు కాదు. దాని తరఫున వకాల్తా పుచ్చుకున్నట్టు.