నాబు విరిగిన డ్రయ్యరును పారవేయకుడు: కాలిఫోర్నియా తెలుగు గృహస్థులకు విజ్ఞప్తి



బట్టలారబెట్టు యంత్రము, అనగా మనమందరము డ్రయ్యరని పిలుచునది, ఈ రాష్ట్రమున మన కుటుంబములకు నిత్యావసరమై యున్నది. అది నిలిచిపోయిన మాత్రమున దాని ఆయువు తీరినదని నిశ్చయించి క్రొత్తదాని వెల విచారించు తొందరపాటును మాన్పించుటకును, అట్టి తొందరపాటునకు మనలను పురికొల్పుచున్న వ్యాపారపద్ధతిని శాసనముచే సరిదిద్దించుటకును ఈ కరపత్రమును వెలువరించుచున్నాము.

డ్రయ్యరు సమయమును నిర్ణయించు నాబును త్రిప్పగా అది యే యడ్డంకియు లేక గిరగిర తిరుగుచు, యంత్రము మాత్రము కదలకున్నచో, లోపము తరచుగా ఆ నాబునందే యుండును. టైమరునుండి వెలుపలికి వచ్చు ఇరుసు సాధారణముగా ఒక ప్రక్క చదునుగా నుండును; నాబు వెనుకనున్న రంధ్రమును ఆ యాకారముననే యుండి దానిని పట్టి త్రిప్పును. ఏండ్లతరబడి త్రిప్పుటచేత ఆ రంధ్రము చుట్టునున్న ప్లాస్టికు పగులును, లేదా లోపలి యంచు అరిగి గుండ్రనగును. కొన్నింట పట్టు బిగించుటకై యమర్చిన సన్నని లోహపు క్లిప్పు జారిపోవుటయు గలదు. మొదట ప్లగ్గును ఊడదీసి, నాబును తిన్నగా ముందునకు లాగి, లోపలిభాగమును వెలుతురున పరిశీలింపుడు. పిదప పట్టుకారుతో ఇరుసును గడియారపు ముల్లు తిరుగు దిశకే మెల్లగా త్రిప్పి (ఎదురుదిశకు బలవంతముగా త్రిప్పినచో కొన్ని టైమర్లు చెడిపోవును), ఏదైన నొక సమయమునకు అమర్చి, ప్లగ్గు పెట్టి, ఇరుసును తాకక ప్రారంభపు బొత్తామును నొక్కుడు. యంత్రము నడచినచో దోషి నాబే. నడవకున్నచో తలుపు స్విచ్చో, వేడిమికి తెగు ఫ్యూజో, టైమరో కారణము కావచ్చును. అది మెకానిక్కు పని, ఏలయన విద్యుత్తుతో నడచు డ్రయ్యర్లలో ఈ దేశమున 240 వోల్టుల విద్యుత్తు ప్రవహించును.

తలుపు చుట్టునున్న చట్రముపై అంటించిన చీటీలోని మోడలు సంఖ్యనుబట్టి క్రొత్త నాబును తెప్పించి, చదును ప్రక్కను చదును ప్రక్కతో సరిపోల్చి నొక్కినచో పని ముగియును. అయితే ఆ నాబు దొరకుటయందే చిక్కంతయు నున్నది. ఒక మోడలు ఇరుసు వేరొక మోడలు నాబునకు తరచుగా సరిపడదు; కొంతకాలమునకు ఆ భాగము తయారీయే నిలిచిపోవును; లేదా నాబొక్కటియే అమ్మక, నియంత్రణఫలక మంతయు కొనుమందురు. గొళ్ళెము ఊడినందుకు తలుపునే మార్చుకొమ్మనుట వంటిదిది.

ఈ రాష్ట్రమున 2023లో ఆమోదింపబడి, 2024 జులై 1 నుండి అమలులోనున్న మరమ్మతు హక్కు శాసనము, నూరు డాలర్లు మొదలు పైవెలగల గృహోపకరణములకు, ఆ మోడలు తయారీ ఆగిన పిదప ఏడేండ్లవరకు విడిభాగములను న్యాయమైన నిబంధనలపై సమకూర్చవలెనని తయారీదారుల నాదేశించినది. శాసనము ప్రశంసనీయమే. కాని యది 2021 జులై 1 నాడు గాని అటుపిమ్మట గాని మొదట అమ్ముడైన యంత్రములకే వర్తించును! నాబు అరుగునది పాతయంత్రమునకు. రక్షణ దొరకునది ఇంకను అరుగని క్రొత్తయంత్రమునకు. ఐరోపా సమాఖ్య 2019నాటి నిబంధనలలో బట్టలుతుకు యంత్రముల విడిభాగములనేకములకు పదేండ్ల గడువు విధించియున్నది. అక్కడ సాధ్యమైనది ఇక్కడ అసాధ్యమగుట యెట్లు?

పాతభాగములను గిడ్డంగులలో నిలువయుంచుట వ్యయకరమని తయారీదారులు వాదింతురు. ఆ వాదము పూర్తిగా త్రోసివేయదగినది కాదు. నిలువయుంచలేనివారు నాబు కొలతలచిత్రమునైనను ప్రకటింపవలెను. త్రీడీ ముద్రణయంత్రమున్న విద్యార్థి యెవడైనను దానిని తయారుచేయగలడు. పెరటిలో దండెముపై బట్టలారవేసికొను హక్కును అద్దెకున్నవారికి సైతము 2015లో శాసనముచే కల్పించిన చట్టసభ, ఈపాటి నియమమును చేయలేనిది కాదు.

కావున 2021 నాటి పరిమితిని తొలగింపుమనియు, గడువును పదేండ్లకు పెంచుమనియు, కొలతలను ప్రకటింపజేయుమనియు కోరుచు మీ నియోజకవర్గపు అసెంబ్లీ సభ్యునికిని రాష్ట్ర సెనేటరునకును లేఖలు వ్రాయుడు. లేఖయందు మీ డ్రయ్యరు మోడలు సంఖ్యను, కొన్న సంవత్సరమును, నాబునకు అడిగిన వెలను తప్పక పేర్కొనుడు. దొరకనే లేదన్నచో ఆ సంగతియే వ్రాయుడు.