స్లాట్ ఖాళీ లేదు

మొన్న ఆదివారం మా వార్డు కమ్యూనిటీ హాల్లో మీటింగ్ పెట్టారు. విషయం ఒక్కటే: గ్రౌండు, షటిల్ కోర్టు బుకింగ్ ఫీజు. ఇకమీదట యాప్‌లోనే స్లాట్ తీసుకోవాలట, డబ్బులు ముందే కట్టాలట. అపార్ట్‌మెంట్ల వాళ్లు ముందు కుర్చీల్లో కూర్చున్నారు. మా బస్తీ వాళ్లం వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాం. అలా నిలబడమని మాకెవరూ చెప్పలేదు. అలవాటైపోయింది, అంతే.

ఒక పెద్దాయన లేచి, "ఫ్రీగా ఇస్తే విలువుండదండీ. ఎంతో కొంత ఫీజు పెడితే అల్లరి మూక రాదు" అన్నాడు.

"అల్లరి మూక అంటే ఎవరు సార్?" అని అడిగాను.

"అయ్యో, మిమ్మల్ని అనలేదు" అని నవ్వాడు.

మిత్రులారా, ఆ మాట విన్న ప్రతిసారీ ఎవరిని అన్నారో మనకు తెలుస్తూనే ఉంటుంది.

నేను ఫీజుకు వ్యతిరేకిని కాను. రాత్రి లైట్లు వేస్తే కరెంటు బిల్లు వస్తుంది. నెట్టు చిరుగుతుంది. వాచ్‌మన్‌కు జీతం ఇవ్వాలి. కట్టగలిగిన వాళ్లు కట్టాల్సిందే. నా గొడవ ఆ ఫీజుతో పాటు వచ్చే తలుపుతో.

పొద్దున్నే ఆ కోర్టు ఊడ్చే అక్క మా గల్లీలోనే ఉంటుంది. ఆమె కొడుకు అదే కోర్టులో ఆడాలంటే స్మార్ట్‌ఫోన్ కావాలి, ఆన్‌లైన్ పేమెంట్ కావాలి, అడ్రస్ రుజువుకు కరెంటు బిల్లు కావాలి. వాళ్లది కిరాయి ఇల్లు. బిల్లు ఓనర్ పేరు మీద వస్తుంది. సాయంత్రం స్లాట్లన్నీ నెల పాసులున్న వాళ్లు ముందే తీసేసుకుంటారు. నిబంధనల్లో కులం పేరు ఎక్కడా లేదు. రాయాల్సిన అవసరమే రాలేదు.

"యాప్ అందరికీ ఓపెన్ కదా" అంటారు. మహాడ్ చెరువు కూడా కాగితం మీద అందరికీ ఓపెనే. పబ్లిక్ చెరువులు, బావులు అంటరానివాళ్లకూ తెరవాలని 1923లో బొంబాయి శాసన మండలి తీర్మానం చేసింది. మరుసటి ఏడు మహాడ్ మున్సిపాలిటీ చౌదార్ చెరువును తెరిచామంది. అయినా 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేల మందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగాల్సి వచ్చింది. తాగినందుకు మనవాళ్లు దెబ్బలు తిన్నారు.

ఆ అనుభవమే రాజ్యాంగంలో 15(2) అధికరణంలో కనబడుతుంది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే బావులు, చెరువులు, రోడ్లు, జనం కలిసే చోట్లలో కులం పేరుతో ఎవరినీ ఆపకూడదు. ఫీజు కులం కాదు కాబట్టి ఈ అధికరణం చూపించి దాన్ని ఆపడం కష్టం. అందుకే ఇది మీటింగుల్లోనే తేల్చుకోవాల్సిన పోరాటం.

మేం మూడే అడిగాం. సాయంత్రం రెండు గంటలు పిల్లలకు బుకింగూ వద్దు, ఫీజూ వద్దు. వాచ్‌మన్ దగ్గర రిజిస్టర్ పెట్టి నగదుకు కూడా స్లాట్ ఇవ్వాలి. వసూలైన డబ్బు లెక్క ప్రతి నెలా గోడ మీద అంటించాలి. మూడోది వినగానే హాలు నిశ్శబ్దమైంది. నిర్ణయం వచ్చే ఆదివారానికి వాయిదా వేశారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ వార్డులో, మీ క్యాంపస్‌లో గ్రౌండు స్లాట్లు ఎవరి పేర్ల మీద ఉన్నాయో ఒకసారి చూడండి. మేమైతే వచ్చే ఆదివారం కాస్త ముందే వెళ్తాం. ముందు కుర్చీల్లో కూర్చుంటాం.

జై భీమ్.